టీబీ తగ్గిన ఏళ్లకు మళ్ళీ తెమడలో నెత్తురు: టీబీయా, ఫంగసా?

మిరపచేను అడుగుతున్నారు:

నమస్కారం. మాది నరసరావుపేట దగ్గర పల్లె. మా నాన్నకు 61 ఏళ్లు, మిరప, వరి వేస్తారు. 2013లో టీబీ వచ్చింది. ఆరు నెలల మందులు పూట తప్పకుండా మింగారు, నయమైందని కాగితం కూడా ఇచ్చారు. కుడి ఊపిరితిత్తి పైభాగంలో ఒక తొర్ర మిగిలిపోయిందని, దానితో ఇబ్బందేమీ ఉండదని అప్పట్లో అన్నారు.

సంక్రాంతికి ముందు నుంచి దగ్గు పట్టుకుంది. సాయంత్రానికి నీరసం, అన్నం సహించదు, మనిషి బాగా చిక్కిపోయారు. తర్వాత తెమడలో నెత్తురు చారలు కనిపించాయి. ఒకరోజు తెల్లవారుజామున దొడ్లో దగ్గి దగ్గి సగం టీగ్లాసు నెత్తురు కక్కారు. దగ్గర్లోని ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే చూసి, టీబీ తిరగబెట్టిందని మళ్ళీ ఆ మందులే మొదలుపెట్టారు. తెమడ పరీక్ష రెండుసార్లూ నెగెటివే. తెమడలో టీబీ క్రిమి జన్యువును వెతికే సీబీనాట్ పరీక్షలోనూ ఏమీ లేదు. అదే అడిగితే "ఎక్స్‌రేలో కనిపిస్తోంది కదా" అన్నారు. రెండు నెలలు దాటింది. దగ్గు తగ్గకపోగా ఒళ్ళు ఇంకా తగ్గింది.

ఇప్పుడు గుంటూరులో వేరే డాక్టరు గారికి చూపించాం. సీటీ తీయించి, తొర్రలో ఫంగస్ పెరిగినట్టుందన్నారు. ఒక రక్తపరీక్ష రాశారు, ఇట్రాకొనజోల్ వాడాల్సి రావచ్చన్నారు. రిపోర్టు వచ్చాకే ఏ సంగతీ తేల్చుతానన్నారు. ఇంట్లో మాత్రం ఎవరికీ నిద్ర లేదు. ఫంగస్ అన్న మాట వినగానే మా అమ్మకు 2021 నాటి బ్లాక్ ఫంగస్ గుర్తొచ్చింది. కన్ను తీసేస్తారా అని మా మేనమామ అడిగాడు. ఇది అదేనా? టీబీ మందులు, ఫంగస్ మందు కలిపి వాడవచ్చా? ఈ జబ్బుకు ఇటీవల వచ్చిన పరీక్షలు, మందులు ఏమిటో తెలిసినవారు దయచేసి చెప్పండి.

ఖమ్మం టీచరమ్మ:

బాబూ, నాది కూడా ఇదే కథ. కాలేజీ రోజుల్లో టీబీ, రిటైరయ్యాక ఫంగస్. మధ్యలో పాతికేళ్లకు పైగా హాయిగా పాఠాలు చెప్పుకున్నాను. ఇప్పుడు ఇట్రాకొనజోల్ మీద ఉన్నాను, కూర్చుని ఇది రాస్తున్నాను. మీ అమ్మగారికి చెప్పండి.

డాక్టర్లు చెప్పేవి డాక్టర్లు చెబుతారు. మింగే మనిషిగా నేను నేర్చుకున్నవి చెబుతాను. మామూలు క్యాప్సూల్ అయితే కడుపు నిండా తిన్న వెంటనే వేసుకోవాలి. కాఫీ, రెండు బిస్కెట్లు తిండి కిందికి రావు. మా డాక్టరు గారు మందుల చీటీలో మొట్టమొదట కొట్టేసింది నా గ్యాస్ మాత్రను. కడుపులో పులుపు ఉంటేనే ఈ మందు ఒంటికి పడుతుందట. మన దగ్గర ఏ చీటీ చూసినా పాంటోప్రజోల్ ఉంటుంది కదా, అది మీ నాన్నగారి చీటీలోనూ ఉందేమో చూడండి. ఉంటే డాక్టరు గారిని అడగండి, మీ అంతట మీరు ఆపకండి.

ఇంకొకటి. మందుల షాపులో "ఆ కంపెనీది లేదమ్మా, ఇది కూడా అదే" అని వేరే డబ్బా ఇస్తారు. తీసుకోకండి. క్యాప్సూల్ విప్పి చూస్తే లోపల సన్నని గింజలుంటాయి. ఆ గింజల తయారీలో కంపెనీకీ కంపెనీకీ తేడా ఉంటుందట. నేను ఒకే కంపెనీది, ఒకే షాపులో, నెలకు సరిపడా ముందే చెప్పి తెప్పించుకుంటాను.

నాకు కొన్ని నెలలకు పాదాలు వాచాయి. చెప్పు విప్పితే పట్టీ అచ్చు అలాగే ఉండిపోయేది. వయసు వల్లేనని ఇంట్లోవాళ్ళు అన్నారు. వయసు కాదు, మందు. బీపీ మాత్ర మార్చారు, రక్తంలో పొటాషియం చూశారు, వాపు తీసింది. మీ నాన్నగారి కాళ్ళ మీద ఒక కన్నేసి ఉంచండి. మగవాళ్ళు ఇలాంటివి చెప్పరు.

ఓరుగల్లు ఛాతీ వైద్యుడు:

టీబీ ఆసుపత్రిలో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. ఈ ప్రశ్న ఇలాగే, ఇదే వరుసలో, నా గది ముందు ఎంతమంది నోట విన్నానో లెక్క లేదు. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

మొదట మేనమామ గారికి జవాబు. కన్ను తీయరు. 2021 మేలో తెలంగాణ ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం కింద ప్రకటించినదీ, కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి జనాన్ని పరుగెత్తించినదీ మ్యూకర్‌మైకోసిస్, అదే మీరన్న బ్లాక్ ఫంగస్. అది షుగరు అదుపు తప్పినవారిలో, స్టీరాయిడ్లు ఎక్కువగా పడినవారిలో రోజుల వ్యవధిలో ముదిరే జబ్బు. మీ నాన్నగారి విషయంలో అనుమానిస్తున్నది ఆస్పర్‌జిల్లస్. నెలల తరబడి, ఏళ్ల తరబడి నెమ్మదిగా నడుస్తుంది. రొట్టె మీద పట్టే ఆకుపచ్చ బూజుకు దాయాది. ఒకరి నుంచి ఒకరికి అంటదు. పళ్ళెం, గ్లాసు వేరు చేసి ఉంటే ఈ రోజే కలిపేయండి.

దీని బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. నేను పీలుస్తున్నాను, మీరూ పీలుస్తున్నారు. ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి వాటిని తుడిచి బయటికి నెట్టేస్తుంది. టీబీ మిగిల్చిన తొర్రలో ఆ పని చేసే ఏర్పాటు ఉండదు. బీజం అక్కడే దిగి, దారాలు దారాలుగా అల్లుకుని, ఒక్కోసారి ఉండ కడుతుంది. చుట్టూ ఉన్న రక్తనాళాలు ఉబ్బి చిట్లితే నెత్తురు పడుతుంది. "తొర్ర మిగిలింది, ఇబ్బంది లేదు" అని 2013లో అన్నారే, అక్కడ నాకు ఒళ్ళు మండుతుంది. ఉగాండాలోని గులూలో టీబీ నయమైనవాళ్ళను వెతికి పట్టుకుని పరీక్షించి 2019లో ఫలితాలు ప్రచురించారు. మొత్తం మీద 4.9 శాతం మందికి ఈ ఫంగస్ జబ్బు ఉంది. ఎక్స్‌రేలో తొర్ర ఉన్నవాళ్ళను మాత్రమే లెక్కేస్తే 26 శాతం, తొర్ర లేనివాళ్ళలో 0.8 శాతం. తొర్రతో ఇంటికి పంపే ప్రతి మనిషి చేతిలోనూ "మళ్ళీ దగ్గు వస్తే ఫంగస్ పరీక్ష" అని రాసి పెట్టాలి. మన దగ్గర రాయరు. దగ్గు రాగానే మళ్ళీ టీబీ మందులే.

తెమడ రెండుసార్లు నెగెటివ్, సీబీనాట్ నెగెటివ్, రెండు నెలల మందులకూ లొంగలేదు. ఇన్ని ఆధారాలు ఒకవైపు పెట్టి, పాత మచ్చలున్న ఒక్క ఎక్స్‌రేను మరోవైపు పెడితే ఎటు మొగ్గాలి? పాత టీబీ ఉన్నవారి ఎక్స్‌రే ఎప్పుడు తీసినా బాగుండదు. దీనికి తిరగేసిన పొరపాటు కూడా ఉంది: ఒకసారి టీబీ నయమైనవారిలో చచ్చిన క్రిముల జన్యుపదార్థాన్ని పట్టుకుని సీబీనాట్ పాజిటివ్ చూపించవచ్చు. అందుకే పాత రోగి విషయంలో తెమడను టీబీ కల్చర్‌కు, అంటే బతికున్న క్రిములను ల్యాబులో పెంచి చూసే పరీక్షకు, పంపి తీరాలి. ఆరు వారాల దాకా పడుతుంది, పట్టనివ్వండి.

ఇక ఫంగస్ పరీక్షలు. మా రోజుల్లో మనిషిని బోర్లా పడుకోబెట్టి మరో ఎక్స్‌రే తీసేవాళ్ళం. తొర్రలో ఉండ ఉంటే బరువుకు జారి జాగా మారుతుంది, దాని పైన నెలవంక లాంటి గాలి చార కూడా జరుగుతుంది. ఇప్పుడు అదే పని సీటీలో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. మీ డాక్టరు గారు బోర్లా కూడా తీయించారేమో అడగండి. అయితే ఉండ కనిపించలేదని ఫంగస్ లేదనుకోకూడదు. చాలామందిలో తొర్ర గోడ మందం కావడం, తొర్ర పెద్దదవడం, పక్కన పొర దళసరి కావడం, అంతే కనిపిస్తాయి.

అసలు మలుపు రక్తపరీక్షతో వచ్చింది. ఆస్పర్‌జిల్లస్ ఐజీజీ అని, ఫంగస్ మీద మన ఒంట్లో తయారయ్యే యాంటీబాడీని కొలుస్తారు. చీటీలో "జీ" అని స్పష్టంగా ఉండాలి. ఐజీఈ అనేది ఆస్తమా ఉన్నవారిలో ఇదే ఫంగస్ తెచ్చే అలర్జీ జబ్బుకు చేసే పరీక్ష. ఒకటి రాస్తే ఇంకొకటి చేసిన రిపోర్టులు నేను చూశాను. గాలాక్టోమానన్ అని మరొకటి ఉంది. రోగనిరోధక శక్తి బాగా పడిపోయినవారిలో వేగంగా వచ్చే రకానికి అది పనికొస్తుంది. మీ నాన్నగారిలాంటివారిలో రక్తంలో అది నెగెటివ్ వచ్చినా నమ్మలేం. ఐజీజీని ఇప్పుడు చిన్న పట్టీ మీద ఒక చుక్క సీరంతో అరగంటలో చూసే కిట్లూ వచ్చాయి. అవి ప్రతి జిల్లా టీబీ కేంద్రానికీ చేరిన రోజున నాలాంటివాళ్ళ అరుపులు తగ్గుతాయి.

టీబీ మందు, ఫంగస్ మందు కలిపి వాడవచ్చా అన్నారు. ఇది మీ ప్రశ్నలన్నింటిలోకీ ముఖ్యమైనది. టీబీ మాత్రలో రిఫాంపిసిన్ ఉంటుంది, మూత్రాన్ని ఎర్రగా చేసేది అదే. అది కాలేయంలోని ఎంజైములను రెచ్చగొట్టి ఇట్రాకొనజోల్‌ను ఒంట్లో నిలవనివ్వదు. రెండూ మింగితే ఫంగస్ మందు మింగనట్టే. వోరికొనజోల్‌కూ ఇదే గతి. రిఫాంపిసిన్ ఆపాక కూడా దాని ప్రభావం పోవడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. ఆపాలా వద్దా అన్నది మాత్రం కల్చర్ సంగతి చూసి మీ డాక్టరు గారే తేల్చాలి, ఇంటర్నెట్‌లో నేను కాదు.

ఎన్నాళ్లు వాడాలి? ఇక్కడ మనవాళ్ళ పనే ప్రపంచానికి దారి చూపింది. చండీగఢ్‌లోని పీజీఐ వైద్య సంస్థలో ఈ జబ్బున్న 164 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఆరు నెలలు, మరో జట్టుకు ఏడాది ఇట్రాకొనజోల్ ఇచ్చారు. రెండేళ్ల తర్వాత చూస్తే, ఆరు నెలల జట్టులో 38 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది, ఏడాది జట్టులో 10 శాతం మందికే. 2022లో లాన్సెట్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్ అనే వైద్య పత్రికలో వచ్చింది. కాబట్టి ఆరు నెలలకు దగ్గు తగ్గింది కదా అని మీ నాన్నగారు మాత్రలు గూట్లో పెట్టేస్తే ఒప్పుకోకండి.

నెత్తురు సంగతి. చారలు పడితే మాత్రలతో చూస్తాం. టీగ్లాసు స్థాయికి వస్తే అది ఇంట్లో చూసుకునే విషయం కాదు. తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి, ఊపిరితిత్తిలో చిట్లుతున్న నాళాన్ని పూడ్చే పద్ధతి ఉంది, ఎంబొలైజేషన్ అంటారు. గుంటూరు, విజయవాడల్లో ఎక్కడ చేస్తారో ఇప్పుడే, తీరిగ్గా ఉన్నప్పుడే కనుక్కుని ఫోన్ నంబరు రాసి పెట్టుకోండి. అర్ధరాత్రి వెతుక్కోకూడదు. పూడ్చిన చోట కొన్నాళ్ళకు మళ్ళీ పడవచ్చు, కనుక ఫంగస్ మందు తప్పదు. ఒక్కటే తొర్ర, ఒక్కటే ఉండ, మిగతా ఊపిరితిత్తి గట్టిగా ఉంటే ఆపరేషన్ చేసి ఆ భాగం తీసేయడమూ ఒక మార్గం. పాత టీబీ రోగుల్లో ఆ అదృష్టం కొద్దిమందికే.

బూజుగాజు:

విశాఖలో మైక్రోబయాలజీ ల్యాబులో పని చేస్తాను. డాక్టరు గారు వదిలేసిన ఒక్క విషయం: తెమడ.

టీబీ కల్చర్‌కు పంపిన తెమడలోనే ఫంగస్ కూడా చూసేస్తారని చాలామంది అనుకుంటారు. చూడరు. టీబీ కల్చర్‌కు ముందు మిగతా సూక్ష్మజీవులను చంపడానికి తెమడను సోడియం హైడ్రాక్సైడ్‌తో కడుగుతాం. ఆ దెబ్బకు ఫంగస్ కూడా పోతుంది. కాబట్టి రెండో డబ్బాలో వేరే తెమడ ఇచ్చి, చీటీ మీద "ఫంగస్ కల్చర్" అని రాయించండి. పొద్దున్నే, నోరు పుక్కిలించాక, లోపలి నుంచి వచ్చినది కావాలి. నురుగు ఉమ్మి వద్దు.

నా బల్ల మీద జరిగేది ఇది. తెమడలో చిక్కని ముక్క ఒకటి తీసి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, కాసేపు కరగనిచ్చి మైక్రోస్కోపు కింద పెడతాను. ఆస్పర్‌జిల్లస్ ఉంటే అడ్డుగోడలున్న సన్నని దారాలు, సుమారు 45 డిగ్రీల కోణంలో చీలుతూ కనిపిస్తాయి. మ్యూకర్ అయితే వెడల్పుగా, రిబ్బను ముక్కల్లా, గోడలు దాదాపు లేకుండా ఉంటాయి. మీ మేనమామ గారి భయం ఈ ఒక్క గాజు పలకతోనే చాలావరకు తీరుతుంది. ఫంగస్‌ను పెంచే సబురో ప్లేటులో ఆస్పర్‌జిల్లస్ తెల్లగా మొదలై రెండు మూడు రోజుల్లో బూడిద కలిసిన ఆకుపచ్చగా మారుతుంది. కల్చర్ నెగెటివ్ వస్తే ఫంగస్ లేదని అర్థం కాదు, ఈ జబ్బులో అది సగం పైగా రోగుల్ని వదిలేయగలదు. తెమడను పలచన చేయకుండా ఎక్కువ మోతాదులో ప్లేటు మీద వేస్తే దొరికే అవకాశం బాగా పెరుగుతుందని తేలింది, ఓపికున్న ల్యాబులు అలాగే చేస్తున్నాయి.

మరి కల్చర్ ఎందుకంటే, మందుకు లొంగుతుందో లేదో తెలియడానికి. ఇది మీ ఇంటికి దగ్గరి విషయం. వరిలో పాముపొడ తెగులుకు కొట్టే హెక్సాకొనజోల్, ప్రొపికొనజోల్, మిరపకు కొట్టే టెబుకొనజోల్, మీ నాన్నగారు మింగబోయే ఇట్రాకొనజోల్, అన్నీ ఒకే కుటుంబం. చేలో ఈ మందులకు అలవాటు పడి బతికిన ఆస్పర్‌జిల్లస్ ఆసుపత్రి మందుకూ లొంగదు. ఢిల్లీ పటేల్ ఛాతీ సంస్థవాళ్ళు ఇలాంటి మొండి రకాలను మన దేశపు నేలలోనే, వరి పొలాల మట్టితో సహా, 2012లోనే చూపించారు. నాలుగు గదుల ప్లేటు ఒకటి ఉంది: మూడింటిలో మూడు మందులు, నాలుగోది ఖాళీ. మందున్న గదిలో కూడా బూజు పెరిగితే జాగ్రత్త పడతాం.

మిరపచేను:

టీచరమ్మ గారికి, డాక్టరు గారికి, ల్యాబు సోదరుడికి ధన్యవాదాలు. మీరు రాసినదంతా ఇంట్లో చదివి వినిపించాను. అమ్మ కాస్త కుదుటపడింది, పళ్ళెం కలిపేసింది.

ఐజీజీ రిపోర్టు వచ్చింది: 84 ఉంది. మన దేశంలో 27 దాటితే పాజిటివ్ కింద తీసుకుంటున్నారని డాక్టరు గారు చెప్పారు. బోర్లా పడుకోబెట్టి తీసిన సీటీలో ఉండ జరిగింది. టీబీ మందులు ఆపించి, కల్చర్‌కు పంపి, రెండు వారాల తర్వాత ఇట్రాకొనజోల్ మొదలుపెడదామన్నారు. గ్యాస్ మాత్ర నిజంగానే చీటీలో ఉంది, తీసేశారు.

ఇంకో రెండు అడగాలి. డల్లాస్‌లో ఉండే మా అన్న ఓలోరోఫిమ్ అనే కొత్త మందు ఉందట, ఎంతైనా తెప్పిస్తానంటున్నాడు. నాన్నేమో వచ్చే సీజనుకు చేలో తెగులు మందు కొట్టడానికి తానే పోతానంటున్నారు. ఏమి చెప్పమంటారు?

ఓరుగల్లు ఛాతీ వైద్యుడు:

అన్నగారికి డబ్బు దాచుకోమని చెప్పండి. ఓలోరోఫిమ్ మంచి మందు కావచ్చు, పాత మందులు ముట్టని చోట ఫంగస్‌ను కొడుతుంది. కానీ 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇవ్వకుండా ఇంకా వివరాలు కావాలని వెనక్కి పంపింది. ఫాస్మనోజెపిక్స్, పీల్చుకునే ఓపెల్కొనజోల్ అన్నవి పరీక్షల దశలో నలిగినవే. గత పదేళ్లలో అమెరికా, ఐరోపా, చైనాల్లో కలిపి అనుమతి దొరికిన కొత్త ఫంగస్ మందులు నాలుగేనని 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. 2022లో ఆ సంస్థే ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్‌ను అత్యంత ప్రమాదకర ఫంగస్‌ల వరుసలో పెట్టింది. జబ్బు పెద్దది, అంగడి చిన్నది. ఇట్రాకొనజోల్ పడకపోతే వోరికొనజోల్, పోసకొనజోల్, ఇసావుకొనజోల్ మన దగ్గరే ఉన్నాయి. వోరికొనజోల్ వాడేవారికి ఎండ పడదు, చర్మం కమిలిపోతుంది. రైతుకు అదేం మందు చెప్పండి? అందుకే ఇట్రాకొనజోల్‌నే సరిగ్గా వాడించడం మేలు. తిండితో పెద్దగా పని లేకుండా ఒంటికి పట్టే సూబా రకం కూడా మన మందుల షాపుల్లో దొరుకుతోంది, ఖర్చు భరించగలిగితే అడగండి. మొదలుపెట్టిన రెండు వారాలకు రక్తంలో మందు ఎంత ఉందో చూసే పరీక్ష చేయించండి. అన్నగారు పంపే డాలర్లు దానికి పనికొస్తాయి.

నాన్నగారు మందు కొట్టడానికి పోవద్దు. దానికన్నా ముఖ్యం, కల్లంలో తాలు కాయలు ఏరే పనికి అసలు కూర్చోనివ్వకండి. బూజు పట్టిన మిరప, తడిసిన గడ్డివాము, పెంటకుప్ప తిరగేయడం, ఈ మూడింటి దగ్గర లేచే ధూళిలో ఉండేది ఈ బీజాలే. కూలీలతో చేయించి, ఆయనను గట్టు మీద మాస్కు పెట్టుకుని అజమాయిషీ చేయమనండి. అది ఎలాగూ మానరు.

మరొకటి, చీటీలో కొలెస్టరాల్ మాత్ర ఉందా? సిమ్వాస్టాటిన్ అయితే ఇట్రాకొనజోల్‌తో కలపకూడదు, అటోర్వాస్టాటిన్ అయినా డాక్టరు గారికి చూపించాలి. బుడెసొనైడ్ ఇన్‌హేలర్ వాడుతున్నా చెప్పండి, ఈ మందుతో కలిస్తే ఆ స్టీరాయిడ్ ఒంట్లో పేరుకుపోతుంది. గుండెకు ఎకో తీయించినట్టు మీరు ఎక్కడా రాయలేదు. ఇట్రాకొనజోల్ గుండె బలహీనంగా ఉన్నవారికి పడదు. ఈ రెండు వారాల్లోనే ఎకో, కాలేయం పరీక్ష చేయించి, ఆ కాగితాలతోనే మొదటి మాత్రకు వెళ్ళండి.